మీ ఇంటి గరిటె పట్టుకు రండి

నా పదవీ విరమణ సభలో పెద్ద డాక్టరు గారు మైకు ముందు నిలబడి, "మన వంటగదిని ఇన్నేళ్లు చూసుకున్న పార్వతి సిస్టర్" అన్నారు.

ఆ ఆస్పత్రిలో వంటగది లేదు. ఎన్నడూ లేదు. రోగులకు భోజనం ఇళ్ల నుంచి క్యారియర్లలో వచ్చేది, లేకపోతే ఎదురు హోటలు నుంచి వచ్చేది. ఉన్నదల్లా మెట్ల కింద ఒక గది. అందులో కూర్చుని నేను పదిహేడేళ్లు షుగరు రోగులకు ఏం తినాలో, ఎంత తినాలో చెప్పాను. లేని వంటగదికి నన్ను అధికారిణిని చేసి, శాలువా కప్పి, చేతిలో లడ్డూల డబ్బా పెట్టారు. షుగరు గదిలో పనిచేసిన మనిషికి లడ్డూలు! దీని మీద మర్నాడే ఒక ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే అమ్మాయిలు అప్పుడప్పుడు నా దగ్గరికొచ్చి, "ఆంటీ, అప్పట్లో ఎలా చేసేవారు?" అని అడుగుతుంటారు. ఇప్పుడు పుస్తకాలున్నాయి, కోర్సులున్నాయి, ఒక్కో తిండిలో ఎంత పిండిపదార్థం ఉందో పట్టికలున్నాయి. అవన్నీ చదువుకోండి. వాటిలో లేనివి ఇక్కడ రాస్తున్నాను. మధ్య మధ్యలో నాకు జరిగిన అవమానాలు కూడా వస్తాయి. అవి ఇష్టం లేనివాళ్లు దాటేసి చదువుకోవచ్చు గానీ, నేను మాత్రం దాటేసి రాయలేను.

మెట్ల కింద గది

మాది బొబ్బిలి వైపు. నర్సు ట్రైనింగు అయ్యాక అక్కడా ఇక్కడా ఇరవై ఏళ్లు చేసి, ఒడిశాలోని రాయగడలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేరాను. తొంభైల మొదట్లో మాట. ఆస్పత్రి పేరు రాయను. రాస్తే వాళ్లకు ప్రచారం.

బజారు వీధి కొట్లవాళ్లు, రైల్వే వాళ్లు, జేకేపూర్ పేపరు మిల్లు కాలనీ వాళ్లు షుగరుకి మా దగ్గరికే వచ్చేవారు. పెద్ద డాక్టరు గారు మందు రాసి, చీటీ అడుగున ఒకే ముక్క రాసేవారు: "తీపి మానాలి, అన్నం తగ్గించాలి." రోగి "ఎంత తగ్గించాలండీ?" అని నోరు తెరిచేలోపు బెల్లు కొట్టి తర్వాతివాణ్ని పిలిచేవారు. ఆ "ఎంత" అన్న ప్రశ్న పట్టుకుని జనం వరండాలో నా మీద పడేవారు. చివరికి ఒకరోజు ఆయనే, "సిస్టర్, వీళ్ల నస నేను భరించలేను, నువ్వే ఏదో ఒకటి చెప్పు" అన్నారు. అదే నా నియామకం. కాగితం లేదు, సంతకం లేదు.

మెట్ల కింద గదిలో రోగికి వీపు ఆనించుకునే కుర్చీ ఇచ్చారు. నాకు స్టూలు ఇచ్చారు. కుర్చీ కావాలని నేను రాసిన ఉత్తరాలు తొమ్మిది. నకళ్లు నా పెట్టెలో ఉన్నాయి.

వేలికి గుచ్చి నిమిషంలో అంకె చూపించే మిషన్లు అప్పటికి మా ఊరు రాలేదు. రక్త పరీక్ష నెలకోసారి. మిగతా రోజుల్లో మూత్రం పరీక్షే దిక్కు. గాజు గొట్టంలో నీలం మందు పోసి, ఎనిమిది చుక్కలు కలిపి, స్పిరిట్ దీపం మీద కాచేదాన్ని. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ తిరిగితే కొంచెం, పసుపు అయితే ఎక్కువ. ఇటుక రంగు వచ్చిందంటే రోగి నా ముఖం చూసేవాడు కాదు, గోడ మీద క్యాలెండరు చూసేవాడు.

ఆపిల్ బొమ్మ కాగితం

మొదటి ఏడాది డాక్టరు గారు ఏదో నగరం నుంచి అచ్చు కాగితాలు తెచ్చి నా ముందు పడేశారు. పొద్దున్న కాల్చిన రొట్టె ముక్కలు రెండు, వెన్న తీసిన పాలు ఒక కప్పు, ఒక ఆపిల్. మధ్యాహ్నం సూపు. పైన రంగుల్లో ఆపిల్ బొమ్మ. అప్పట్లో రాయగడ బజారులో ఆపిల్ కనబడాలంటే ఎవరికైనా జ్వరం రావాలి.

రైల్వేలో గార్డుగా చేసే పాపారావు అనే ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటి సిస్టరూ, ఇది ఎవల్ది? నాదేనా?"

"మీదే."

"మరి ఇందల ఉప్మా లేదేటి?"

"ఉప్మా బదులు రొట్టె తినాలి."

"సరే, తింతాను."

పదిహేను రోజుల తర్వాత వచ్చాడు. ఇటుక రంగు. గుచ్చి గుచ్చి అడిగితే తేలిందేమిటంటే, ఆయన కాగితంలో ఉన్నవన్నీ బుద్ధిగా తిన్నాడు. ఆ తర్వాత ఉప్మా కూడా తిన్నాడు. కాగితంలోవి మందు, ఇంట్లోవి భోజనం. ఆయన తప్పేముంది?

ఆ కాగితాల వెనక వైపు నేను ఉత్తరాలు రాసుకోవడానికి వాడుకున్నాను. రోగుల్ని, "ఎంత అన్నం తింటారు?" అని అడగడం మొదలుపెట్టాను. అందరిదీ ఒకటే జవాబు. "కొంచెమేనమ్మా." బక్కగా ఉన్నవాడిదీ కొంచెమే, గుమ్మంలో పట్టనివాడిదీ కొంచెమే. అప్పుడు నాకొక ఉపాయం తోచింది. "రేపొచ్చేటప్పుడు మీ ఇంటి గరిటె పట్టుకు రండి" అన్నాను. అన్నం వడ్డించే గరిటె, అంబలి తాగే చెంబు, ఇడ్లీ పళ్లెం ఒక గుంట. ఏది దొరికితే అది. నా దగ్గర కొలత కప్పు ఒకటి ఉండేది. వాళ్ల గరిటెకి ఎంత పడుతుందో దానితో కొలిచి, "పూటకి మీ గరిటెతో రెండు. మూడోది కూర" అని చెప్పేదాన్ని. అలా చెబితే ఇంటికి వెళ్లాక కూడా మాట మారదు. ఎందుకంటే గరిటె మారదు.

వరండా నిండా గరిటెలతో జనం కూర్చుంటే డాక్టరు గారు చూసి, "ఇది ఆస్పత్రా, పెళ్లి విడిదా?" అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

పాపారావు దగ్గర ఇంకో పాఠం నేర్చుకున్నాను. ఉప్మా గొడవ తీరాక ఆయన నేను చెప్పినట్టే తినేవాడు. ఒక శనివారం పొద్దున్నే మాత్ర వేసుకుని, శనివారం కదా అని ఉపవాసం ఉండి, డ్యూటీకి వెళ్లి, ప్లాట్‌ఫారం మీద చెమటలు పట్టి పడిపోయాడు. నోట్లో చక్కెర పోస్తే లేచాడు. మర్నాడు వచ్చి వరండా అంతా వినేటట్టు, "తగ్గించీమన్నావు, తగ్గించీసేను, సచ్చిపోబోయేను!" అని అరిచాడు. ఆ అరుపు నాకింకా వినబడుతుంది. కానీ ఆయన అన్నది నిజం. తగ్గించమని చెప్పినదాన్ని, ఎక్కడ ఆపాలో చెప్పలేదు. మాత్ర వేసుకున్న మనిషి తిండి మానకూడదని, పిండిపదార్థం రోజంతా సమంగా పంచుకోవాలని, జేబులో చక్కెర పొట్లం ఉండాలని ఆ రోజు నుంచి ముందు చెప్పి, ఆ తర్వాతే గరిటె కొలిచాను.

పాపారావు ఆ పొట్లం ఎప్పుడూ జేబులో పెట్టుకునేవాడు. కళ్లు తిరగకపోయినా అప్పుడప్పుడు తినేవాడని వాళ్లావిడ చెప్పింది.

పొట్టంగిలో నేను చూడనిది

నెలకోసారి కోరాపుట్ వైపు క్యాంపుకి వెళ్లేవాళ్లం. జీపులో ముందు సీటు డాక్టరు గారిది, మధ్య సీటు మందుల పెట్టెలది, వెనక ఇనప బెంచీ నాది. మందులకి మెత్తటి సీటు ఎందుకని ఒకసారి అడిగాను. "అవి పగిలిపోతాయి సిస్టర్" అన్నారు.

ఒకసారి పొట్టంగి సంత రోజున క్యాంపు పెట్టాం. కొండల మీద నుంచి అల్లం గంపలతో దిగిన ఆడవాళ్లు మా టేబులు చుట్టూ మూగారు. సుక్రి అనే నడివయసు మనిషి ఆపిల్ బొమ్మ కాగితం చూసి పక్కావిడకి చూపించి ఒకటే నవ్వు. ఆమె దగ్గర ఎండిన ఆనపకాయ బుర్ర ఉంది. దాని నిండా మండియా పేజ్, అంటే మా వైపు చోళ్లు అనే రాగులతో కాచిన అంబలి. నాకొచ్చిన అరకొర ఒడియాలో, "రోజుకి ఎంత తాగుతావు?" అని అడిగాను. ఆమె బుర్ర ఎత్తి చూపించి, మూడు వేళ్లు చూపించి, తర్వాత వెనక్కి తిరిగి కొండ వైపు చెయ్యి చాచి ఏదో చెప్పింది. ఇంటి దారి చూపిస్తోందనుకున్నాను.

ఆ రోజు నేను కాచిన గొట్టాలన్నీ నీలమే. ఒక్కటి కూడా పచ్చబడలేదు.

తిరుగు ప్రయాణంలో వెనక బెంచీ మీద ఎగిరెగిరి పడుతూ నేనొక సిద్ధాంతం కట్టాను. అన్నం తినే బజారు వీధి వాళ్లకి షుగరు, చోళ్లు తాగే కొండ వాళ్లకి లేదు. కాబట్టి చోళ్లు షుగరుకి మందు. డాక్టరు గారికి చెబితే, "వెరీ గుడ్ సిస్టర్, అందరికీ అదే చెప్పు" అన్నారు. పదిహేడేళ్లలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. అది తప్పు మాట.

సుక్రి కొండ వైపు ఎందుకు చెయ్యి చాచిందో ఇప్పుడు తెలుసు. గంప నెత్తిన పెట్టుకుని అది దిగి, మళ్లీ సాయంత్రం అది ఎక్కే మనిషి తాగే అంబలి అది. నేను బుర్రని చూశాను. కొండని చూడలేదు.

ఆరు చెంబులు

సన్యాసిరావు గారు బజారు వీధిలో బెల్లం టోకు వ్యాపారి. వాళ్ల నాన్న కాలంలో అనకాపల్లి నుంచి వచ్చి స్థిరపడ్డారు. యాభై దాటిన మనిషి, మంచి మాటకారి. కొత్త చెప్పు పట్టీ కరిచి ఎడమ కాలి చిటికెన వేలికి పుండు పడితే వచ్చారు. డాక్టరు గారు మాత్రలు రాసి, కట్టు కట్టించి, మెట్ల కిందకి పంపారు.

"ఏటి సిస్టరమ్మా, అన్నం మానీమంటావేటి?"

"మానక్కర్లేదు. తగ్గించి, చోడి అంబలి తాగండి. షుగరుకి మంచిది."

"ఎంత తాగమంటావు?"

ఆయన అడిగారు. అది బాగా గుర్తు. బయట పదకొండు మంది గరిటెలతో కూర్చుని ఉన్నారు.

"అంబలే కదండీ, తాగండి" అన్నాను.

డాక్టరు గారి బెల్లుని అన్నేళ్లు తిట్టుకున్నదాన్ని. ఆ రోజు ఆ బెల్లు నేనే కొట్టాను.

మూడు వారాలు వరుసగా ఇటుక రంగు. పుండు నల్లబడింది. విశాఖపట్నం తీసుకెళ్తే అక్కడి సర్జను చిటికెన వేలు తీసేశాడు. ఎరుపు పక్క వేళ్ల వైపు పాకుతోందట. "నెలన్నర చూస్తాను. షుగరు దిగితే గాయం మానుతుంది, దిగకపోతే పాదం సగం వరకూ తియ్యాలి" అన్నాడట. వేలు పోవడానికి చెప్పు పట్టీ, ఆలస్యంగా రావడం, కాలికి తిమ్మిరి, అన్నీ కారణాలే అన్నాడట. ఆ జాబితాలో నా పేరు లేదు. ఆయనకి తెలియదు గనక లేదు.

నేను వాళ్లింటికి వెళ్లాను. గుమ్మంలో ఆయన భార్య గౌరమ్మ గారు నన్ను కింది నుంచి పైకి చూశారు.

"మా ఇంట వంటకి మనుషులున్నారమ్మా."

"నేను వంటకి రాలేదండీ. ఆస్పత్రి నుంచి వచ్చాను. మీ గరిటె చూడాలి."

"గరిటా? బంగారవేటి, సూడ్డానికి?"

అయినా లోపలికి రానిచ్చారు. ముందు గదిలో కుర్చీలున్నా, పెరటి గుమ్మం మెట్టు చూపించారు. అక్కడే కూర్చున్నాను. రాసి పెట్టుకున్నాను కూడా. పొయ్యి పక్కన ఇంత కుండ నిండా అంబలి ఉంది.

"రోజుకి ఎన్ని చెంబులు తాగుతారు?"

"ఆరు. ఏడోది రేత్రి మజ్జిగేసి ఇస్తాను. మెతుకు ముట్టనీలేదు నర్సమ్మా! పెళ్లికెళ్తే పెళ్లిలో కూడా నా అంబలే తాగించేను."

"ఇందులో నూక వేస్తారా?"

"నూకెయ్యకపోతే అది అంబలేటి? కుడితవుద్ది."

బియ్యం మాన్పించి, బియ్యపు నూక చెంబులతో తాగించారు. చోడిపిండి ఎంత, నూక ఎంత, చెంబుకి ఎంత వస్తుంది, అంతా నా కప్పుతో కొలిచి చూశాను. రెండుసార్లు కొలిచాను. పిండిపదార్థం వైపు నుంచి చూస్తే, ఆయన ఇదివరకు తిన్న అన్నం కన్నా ఇది ఒకటిన్నర రెట్లు ఉంది. చోళ్లు మంచివే. నూక లేకుండా, కొలిచి, ఒక చెంబు తాగితే మంచివి. నిదానంగా అరుగుతాయి. కానీ నిదానంగా నడిచే మనుషులు కూడా ఏడుగురు ఒకేసారి వస్తే గుమ్మంలో తొక్కిసలాటే.

గౌరమ్మ గారు నా ముఖం చూసి గ్రహించేశారు.

"నువ్వు కొలత సెప్పలేదు నర్సమ్మా."

నేను గరిటె చేతిలోకి తీసుకున్నాను. "ఇప్పటి నుంచి కొలుద్దామండీ" అన్నాను. అది ఆవిడ అన్నదానికి జవాబు కాదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. మంచినీళ్లు ఇచ్చారు. టీ ఇవ్వలేదు.

డాక్టరు గారికి జరిగింది చెబితే, "రోగులు మన మాట సరిగ్గా వినరు సిస్టర్" అని ఫైల్లో అదే రాసుకున్నారు. ఆ మాట నాకు చాలా సుఖంగా అనిపించింది. ఊరుకున్నాను. ఎవరు ఎప్పుడు నన్ను ఏమన్నారో తారీఖులతో చెప్పగల మనిషిని నేను. నేను చేసింది మాత్రం ఇంకొకరి ఫైల్లో, ఇంకొకరి తప్పుగా ఉండనిచ్చాను.

ఉప్పు చూడటం

కొలత మొదలైంది. పొద్దున్న నూక లేని అంబలి ఒక చెంబు. మధ్యాహ్నం వాళ్ల గరిటెతో అన్నం రెండు, పప్పు, కూర దండిగా. సాయంత్రం గుప్పెడు ఉడికిన సెనగలు. రాత్రి మళ్లీ గరిటె రెండు. రోజూ సాయంత్రం కట్టు మార్పించుకోవడానికి వచ్చినప్పుడు పరీక్ష చేసేదాన్ని. వారం తిరక్కుండా నా గొట్టం ఆకుపచ్చకి దిగింది. నాకు స్టూలు మీద కూర్చున్నా కుర్చీలో కూర్చున్నట్టే ఉంది.

కానీ సోమవారం ఇటుక రంగు. మంగళవారం పసుపు, బుధ, గురువారాలు ఆకుపచ్చ. శుక్రవారం మళ్లీ ఇటుక. గౌరమ్మ గారిని అడిగితే గరిటె మీద ఒట్టేశారు. నెలన్నరలో మూడు వారాలు అయిపోయాయి. డాక్టరు గారు మాత్ర ఇంకొకటి పెంచారు. అయినా సోమవారం సోమవారమే, శుక్రవారం శుక్రవారమే.

అప్పుడు వాకబు చేస్తే తెలిసింది, సోమ, శుక్రవారాలు అనకాపల్లి నుంచి బెల్లం లారీ దిగే రోజులని. శుక్రవారం పొద్దున్నే కొట్టుకి వెళ్లాను.

బెల్లం దిమ్మలు గోడ వెంబడి వరుసగా పేర్చి ఉన్నాయి. సన్యాసిరావు గారు చిన్న ఇనప మేకు పట్టుకుని, ఒక్కో దిమ్మ అంచున గీకి, వచ్చిన పలుకు నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని, "రెండో రకం" అనేవారు. సరుకు మోసే కలాసీ దాన్ని పక్కన పెట్టేవాడు. తర్వాతి దిమ్మ.

"ఏం చేస్తున్నారండీ?"

"పని సేసుకుంతన్నాను. రా, కూకో."

"నోట్లో ఏమిటది?"

"బెల్లం. బెల్లం కొట్లో నోట్లో మరేటుంటాది?"

"తీపి మానేశానని నాకు చెప్పారు!"

"మానీసేను! టీలో మానీసేను, పాయసం మానీసేను, మా మనవరాలి పుట్టినరోజునాడు అందరూ తింతంటే గుడ్లప్పగించి సూసేను. ఇది తీపి కాదమ్మా. నేను ఉప్పు సూస్తన్నాను."

"ఉప్పా?"

"ఉప్పునీటి పొలం సెరుకైతే బెల్లానికి ఉప్పు తగుల్తాది. వానాకాలం నిలవుండదు, కారిపోద్ది. సూడకుండా ఎలగ కొంతాను? నేను తీపి వైపు బుర్రే ఎట్టను."

అబద్ధం ఆడటం లేదు. మనస్ఫూర్తిగా నమ్మి చెబుతున్నారు. ఆయన ధ్యాస ఉప్పు మీద ఉంది కాబట్టి తీపి తన ఒంట్లోకి వెళ్లడం లేదని ఆయన లెక్క. కడుపుకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

నా సంచీలోంచి కొలత కప్పు తీశాను. "నాలుక మీద ఎంత వేసుకుంటారో అంతే ఇందులోనూ వేస్తూ ఉండండి. మీ పనికి అడ్డం రాను."

"ఏటీ, పందెమా?"

"పందెమే. కప్పు నిండుతుందని నేనంటాను."

ఆయనకి పందేలంటే ఇష్టం. దిమ్మకి రెండు పలుకులు, ఒకటి నోటికి, ఒకటి కప్పుకి. మధ్యాహ్నం దాకా కలాసీలు కూడా కప్పు వైపే చూశారు. లారీ ఖాళీ అయ్యేసరికి కప్పు నిండింది. ఆయన తక్కెడలోనే, ఆయన రాళ్లతోనే తూచాను. నూట ముప్పై గ్రాములు. పళ్లాలు మార్చి మళ్లీ తూయమన్నారు. తూచాను. నూట ముప్పై.

"ఇది మూడు కప్పుల అన్నంతో సమానం. మీ అన్నం కాక" అన్నాను.

సన్యాసిరావు గారు మెల్లిగా బస్తా మీద కూర్చున్నారు. కట్టు కట్టిన పాదం వైపు చూసుకున్నారు.

"మరైతే రుచి చూసి ఉమ్మేయండి" అన్నాను.

కలాసీలు పని ఆపేశారు.

"బెల్లాన్ని ఉమ్మీడమా? కొట్లో కూకుని? సిస్టరమ్మా, ఇంకో మాట సెప్పు. కాలు తీసీమను, తీసీనీ. లచ్చిందేవిని ఉమ్మను."

గౌరమ్మ గారి నాలుక

ఆ సాయంత్రం మళ్లీ పెరటి గుమ్మం మెట్టు మీద కూర్చుని గౌరమ్మ గారికి సంగతి చెప్పాను. ఆవిడ బియ్యం చేటలో వేసుకుని చెరుగుతున్నారు. చెరగడం ఆపారు.

"ఉప్పు సూడ్డానికి ఈయనే కావాలేటి?"

"మరెవరు చూస్తారండీ?"

"నేను పుట్టింది బెల్లం కొట్లో నర్సమ్మా. పదేళ్లకే మా నాన్న నన్ను పక్కన కూకోబెట్టుకుని దిమ్మలు రుచి సూపించీవోడు. ఈయన నాలిక్కన్నా నాది నయం. ముప్పై ఏళ్లయ్యింది ఈ ఇంటికొచ్చి. ఒక్కడంటే ఒక్కడు అడిగేడేటి?"

ఆ మాట విన్నాక నాకు ఆవిడ మీద ఉన్న కోపం సగం పోయింది. లోకంలో లెక్క రాసి పెట్టుకునేది నేనొక్కదాన్నే కాదు.

సోమవారం లారీ వచ్చేసరికి గౌరమ్మ గారు కొట్లో ఉన్నారు. అప్పట్లో బజారు వీధిలో ఆడవాళ్లు టోకు కొట్టు గద్దె మీద కూర్చునేవారు కాదు. పక్క కొట్టువాళ్లు తొంగి తొంగి చూశారు. ఆవిడ గీకి, నాలుక మీద వేసుకుని, రుచి చూసి, పక్కనున్న పాత్రలో ఉమ్మి, నోరు పుక్కిలించారు.

"ఓసోసి!" అన్నారు సన్యాసిరావు గారు. "లచ్చిందేవినే!"

"ఆయమ్మ నన్నేటీ అనదు. ఆవిడా ఆడదే, ఆవిడకి తెలుసు" అన్నారు గౌరమ్మ గారు. "ఇదిగో, ఇది ఉప్పు. ఇది కూడా ఉప్పే. కిందటి లారీలో మీరు మొదటి రకం అన్నది కూడా సూసేను. అదీ ఉప్పే."

కలాసీలు ముఖాలు తిప్పుకుని నవ్వుకున్నారు. ఆయన మాత్రం మేకు అక్కడ పెట్టేసి, తక్కెడ దగ్గరికి వెళ్లి కూర్చున్నారు.

ఆ శుక్రవారం గొట్టం ఆకుపచ్చ. తర్వాతి సోమవారం ఆకుపచ్చ. గడువు నాటికి గాయం అంచులు ఎర్రగా, శుభ్రంగా వచ్చాయి. విశాఖపట్నం సర్జను చూసి, "దీన్నిలాగే ఉంచండి, నా దగ్గరికి రాకండి" అన్నాడట.

తర్వాత జరిగినవి రెండు చెప్పాలి. ఒకటి, పెద్ద డాక్టరు గారు ఏదో డాక్టర్ల సమావేశంలో "నా గరిటె పద్ధతి" అని ప్రసంగించారు. "నా." రెండు, గౌరమ్మ గారు నాకు చేతులున్న మంచి టేకు కుర్చీ ఒకటి పంపారు. రిక్షాలోంచి దిగుతుండగా డాక్టరు గారు చూసి, బాగుందని తన గదిలో వేయించుకున్నారు. పదో ఉత్తరం ఆ కుర్చీ గురించే.

అప్పటి నుంచి గౌరమ్మ గారు నాకు టీ కూడా ఇచ్చేవారు. చక్కెర లేకుండా. "మాకొక రూలు, నీకొక రూలా?" అనేవారు.

నాలుగు

విరమణ సభ దగ్గర మొదలుపెట్టాను కదా, అక్కడికే వస్తాను. అప్పటికి పదేళ్లు దాటింది. సన్యాసిరావు గారు ముందు వరుసలో కూర్చున్నారు. డాక్టరు గారు వంటగది మాట అనగానే ఆయన లేచారు.

"వంటగదేటి డాక్టరు బావూ? మీ ఆసుపత్రిలో వంటగదెక్కడున్నాది?" అని, ఎడమ కాలి చెప్పు విప్పి, పాదం కుర్చీ మీద పెట్టి, అందరికీ చూపిస్తూ లెక్కపెట్టారు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఈ నాలుగూ ఈ సిస్టరమ్మవి."

చప్పట్లు కొట్టారు. డాక్టరు గారు కూడా కొట్టారు. అన్నేళ్లుగా ఎదురుచూసిన మాట అది. తీరా అది విన్నాక నాకు శాలువా కింద చెమట పట్టింది. నా కళ్లకి ఆ నాలుగూ కనబడలేదు.

సభ అయ్యాక ఆయన్ని వరండాలోకి తీసుకెళ్లాను. పక్కన గౌరమ్మ గారు ఉన్నారు.

"సన్యాసిరావు గారూ, ఆ ఐదోది కూడా నాదే. మీరు ఎంత తాగాలని అడిగారు. నేను చెప్పలేదు."

"తెలుసు."

"తెలుసా?"

"నువ్వు గరిటె కొలిసిన రోజు రేత్రే గౌరి సెప్పింది."

"మరి ఇన్నేళ్లూ ఒక్క మాట అనలేదేం?"

ఆయన గౌరమ్మ గారి వైపు చూశారు. ఆవిడ నవ్వు ఆపుకుంటున్నారు.

"అంటే నువ్వు రావడం మానీసీదానివి. నీ సంగతి ఊరందరికీ తెలుసు గదా. నువ్వు మానీస్తే మిగతా నాలుగూ ఎవలు సూస్తారు?"

చేతిలో లడ్డూల డబ్బా ఉంది. మూత తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన ఒక లడ్డూ తీసుకుని, సగానికి విరిచి, మిగతా సగం డబ్బాలో పెట్టి, అడిగారు.

"ఎంత తినమంటావు?"

ఈసారి చెప్పాను. అందులో సగం. అదీ, రాత్రి ఒక గరిటె అన్నం తగ్గించి.